పన్నెండు రోజుల తేమ

సెప్టెంబర్ 3, 2025, బుధవారం

ఉదయం 6.10. 25 డిగ్రీలు. రాత్రి వాన 14 మి.మీ.

కొత్త నోటుబుక్కు. అలవాటు ప్రకారం మొదటి పేజీలో విషయం రాస్తున్నాను.

విషయం: చింతగింజలను గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేయడం. ఆ బొగ్గులో కంటికి కనపడని సందులుంటాయి. ఆ సందుల్లో తగరాన్ని అతి సూక్ష్మమైన నలుసులుగా నింపి, ఆ మిశ్రమాన్ని సోడియం బ్యాటరీలో ఒక ఎలక్ట్రోడుగా వాడటం. ఛార్జి ఎక్కేటప్పుడు తగరం సోడియాన్ని తాగి ఉబ్బుతుంది, దిగేటప్పుడు తగ్గుతుంది. సందుల్లో చోటు చాలితే బొగ్గు ఓర్చుకుంటుంది, చాలకపోతే పగిలిపోతుంది. నా మనవరాలు మనస్విని పిహెచ్‌డి ఇదే. మూడేళ్లు నిండాయి.

గింజల నిల్వ: మొదటి బస్తా, 8 కిలోల 240 గ్రాములు. నాచారంలో మా ఇంటి డాబా మీద గది. 2024 జూన్ 12 నుంచి అదే ఏడాది సెప్టెంబర్ 2 వరకు. ల్యాబ్ స్టోరులో ఎలుకలున్నాయని మనూ ఇక్కడ పెట్టింది.

నిల్వ పట్టీ రాసినది: తారామణి, రిటైర్డ్, వయసు 74. ల్యాబులో తూకాలు తీసే బ్యాలెన్స్ గదిలో ముప్పై మూడేళ్లు. లోపం లేదు.

ఇక జరిగింది. కొత్త బస్తా గింజలతో మనూ చేసిన సెల్స్, అంటే చిన్న బ్యాటరీలు, మళ్లీ పోయాయి. ఆరింటికి ఆరు. ఛార్జి ఒకసారి ఎక్కి దిగితే ఒక సైకిలు; అరవై సైకిళ్లు దాటకముందే సగానికి పడిపోయాయి. మొదటి బస్తాతో చేసినవి ఐదు వందల సైకిళ్ల తర్వాత కూడా నూటికి ఎనభై మూడు వంతులు నిలబెట్టుకున్నాయి. అదే ఊరి గింజ, అదే కొలిమి, అదే చెయ్యి. మనూ పెరుగన్నం నిలబడి తింటుంటే కూర్చుని తినమన్నాను. కూర్చుంది. తినలేదు.

సెప్టెంబర్ 4, గురువారం

మోకాలు బాగానే ఉంది. డాబా మెట్లు రెండుసార్లు ఎక్కాను.

సెప్టెంబర్ 8, సోమవారం

మనూ ఉప్పల్ వైపు ఉన్న తన ల్యాబ్ నుంచి సాయంత్రం నాలుగింటికే వచ్చేసింది. ఇంత పెందలాడే ఎప్పుడూ రాదు.

"మా పేపరు చూసి బ్యాటరీ కంపెనీ వాళ్లు కూడా చేసి చూశారట నాన్నమ్మా. వాళ్లకీ రాలేదు."

"నీ రాత ప్రకారమే చేశారా?"

"అక్షరం తప్పకుండా."

"అయితే రాతలో లేనిదేదో ఉండాలి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

అది చెప్పులు విప్పకుండానే మెట్టు మీద కూర్చుంది. మొదటి బస్తా ఫలితాలతో దాని పేపరు అచ్చయి ఐదు నెలలైంది. ఇప్పుడు ఎవరూ ఆ ఫలితం మళ్లీ తీయలేకపోతున్నారు. దాని గైడు కమలకుమారి గారు నెమ్మదస్తురాలే కానీ, పైవాళ్లు ఆవిడను అడుగుతున్నారట: ఆ మొదటి అంకెలు నిజంగా వచ్చినవేనా, లేక అమ్మాయి కల్పించిందా అని. విచారణ వేస్తారట. సమాధానం చెప్పలేకపోతే పేపరు వెనక్కి తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ రద్దు కావచ్చు.

"నీ పట్టీ ఒక్కటే నాకు ధైర్యం" అంది. "తేదీ, వేడి, తేమ, గింజలు తిరగేశారా లేదా, సంతకం. మా ల్యాబులో ఎవరి దగ్గరా అలాంటిది లేదు. పేపరు చివర అనుబంధంగా పెట్టాం కదా, కమల మేడమ్ కొత్తగా చేరిన వాళ్లందరికీ చూపిస్తారు. ముడిసరుకు మారలేదని చెప్పడానికి నా దగ్గర అంతకంటే సాక్ష్యం లేదు."

కాఫీ కలిపి ఇచ్చాను. చక్కెర రెండుసార్లు వేశానట.

సెప్టెంబర్ 11, గురువారం

ఈరోజు మనూ మల్లవ్వను అడిగింది. మల్లవ్వ మా ఇంట్లో పందొమ్మిదేళ్లుగా పని చేస్తోంది. ఆలేరు దగ్గర ఊరు. చింతగింజలు తెచ్చి ఇచ్చింది దాని తమ్ముడు మొగిలయ్యే.

"మల్లవ్వా, పోయినేడు డాబా మీద బస్తా ఎవరైనా తడిపారా? ఎవరైనా ముట్టుకున్నారా?"

మల్లవ్వ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తి నా వైపు చూసింది. నేను స్టవ్ వైపు తిరిగాను.

"బట్టలారేయ పోత, మొక్కలకు నీళ్లు పోయ పోత. బస్తాతోని నాకేం పని బిడ్డా?"

"మరి మీ తమ్ముడు? వేరే చెట్టు గింజలు కలిపాడా?"

"మా మొగిలిగాడు కల్లుల నీళ్లు కలుపుతడేమో గని, చింతగింజలల్ల ఏం కలుపుతడే?"

మనూ నవ్వలేదు. మొగిలయ్యకు ఫోన్ చేసింది. మొదటి బస్తా ఏ చెట్టుది, ఎక్కడ ఆరబోశారు, పాతవి కలిశాయా, నిజం చెప్పు అని పావుగంట నిలదీసింది. అటువైపు నుంచి "గట్ల నేనెందుకు జేస్త మేడమ్, గట్ల నేనెందుకు జేస్త" అన్న మాట నాకు వంటింట్లోకి వినపడుతూనే ఉంది.

మల్లవ్వ చిక్కుడుకాయలు పూర్తిచేసి, చెప్పకుండా వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 12, శుక్రవారం

మల్లవ్వ రాలేదు. గిన్నెలు నేనే తోముకున్నాను. మోకాలు బాగానే ఉంది.

సెప్టెంబర్ 15, సోమవారం

మల్లవ్వ వచ్చింది. నేరుగా గిన్నెల దగ్గరికి వెళ్లింది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

మధ్యాహ్నం 2.20. ఇంట్లో ఎవరూ లేరు. ఉప్పల్ స్టేడియంలో ఏదో ఆటట, మనూ ఆలస్యంగా వస్తానంది.

ఇది నాకోసం. ఇంకెవరికీ కాదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయవచ్చు.

పోయిన ఏడాది జూలై 9 నుంచి 20 వరకు పన్నెండు రోజులు నేను డాబా ఎక్కలేదు. కుడి మోకాలు వాచింది. ఏడో మెట్టు దగ్గర ఆగి దిగిపోయాను. పట్టీ నా మంచం పక్కన ఉంది. సాయంత్రం ఐదింటికి, రోజూ ఆ గది తేమ శాతం రాసే వేళకు, పెన్ను తీసి 61 అని రాశాను. తిరగేసితిని అని రాశాను. సంతకం చేశాను. రేపు ఎక్కి సరిచూద్దామనుకున్నాను. మర్నాడు 60. వాన పడ్డ రోజు 66. తెరిపిచ్చిన రోజు 58. పన్నెండు రోజులూ అంకెలు గదిలోని తేమ ఎలా నడుస్తుందో అలాగే నడిచాయి. ఎవరికీ అనుమానం రాదు. నాకే రాదు, ఇప్పుడు చదివితే.

21న ఎక్కాను. బస్తా మూతి విప్పగానే వాసన వచ్చింది. కిటికీ రెక్క ఊడి జల్లు కొట్టింది. గింజల మీద తెల్లగా బూజు.

మల్లవ్వను పిలిచాను. గోడలకని నానబెట్టిన సున్నం ఉంది. పెద్ద టబ్బులో నీళ్లు పోసి, అది పిడికిళ్లతో సున్నం వేసి కలిపింది. తేరిన తర్వాత ఆ తేటలో గింజలు రాత్రంతా నానబెట్టాం. ఒక్కసారి కడిగి, నాలుగు రోజులు ఎండబెట్టి, మళ్లీ బస్తాలో పోశాం. బూజు పోయింది. తూచాను: 8 కిలోల 310. ఎండిన గింజ డెబ్బై గ్రాములు పెరగడమేమిటి అని అప్పుడే అడగవలసింది. ముప్పై మూడేళ్లు అదే అడిగి జీతం తీసుకున్నాను. ఆ తూకం పట్టీలో రాయలేదు. మల్లవ్వతో చెప్పవద్దన్నాను.

సున్నం లోపలికి దిగింది. గింజ కాలినప్పుడు ఆ సున్నం చుట్టూ బొగ్గు కట్టి ఉంటుంది. తర్వాత ల్యాబులో ఆమ్లంతో కడిగినప్పుడు సున్నం కరిగిపోయి, అది ఉన్నచోటల్లా సందు మిగిలి ఉంటుంది. తగరానికి ఉబ్బే చోటు అక్కడి నుంచి వచ్చింది. నేను పదిహేను రోజులుగా పుస్తకాలు తిరగేసి తేల్చింది ఇది. మనూ కొలిమిలో వెతుకుతోంది, తగరంలో వెతుకుతోంది, మొగిలయ్యలో వెతుకుతోంది.

సెప్టెంబర్ 3న "లోపం లేదు" అని రాసిన మాట, 4న రాసిన రెండు వాక్యాలూ, 12న మోకాలి గురించి రాసిన మాటా ఒక్క గీతతో కొట్టివేశాను. గీత కింద అక్షరాలు కనపడాలి. పక్కన సంతకం, నేటి తేదీ.

మల్లవ్వ నాలుగు రోజులు గింజలు ఎండబెట్టి తిరగేసిందని ఎక్కడా లేదు. అది నిజంగా జరిగిన పని.

సెప్టెంబర్ 28, ఆదివారం

మల్లవ్వ బతుకమ్మకు ఊరికి వెళుతోంది. చీర ఇస్తే తీసుకుని అక్కడే నిలబడింది.

"ఏమిటే?"

"మొగిలిగాడు ఇంకా తింటలేడమ్మా. గా పిల్ల నన్ను దొంగ అన్నట్టే అన్నది అని ఒక్కటే రంధి. వాడు నాకంటె చిన్నోడు."

"నేను చూసుకుంటాను."

"ఏం సూస్తరు? నేనైతే నోరు తెరువ. మీరు చెప్పొద్దన్నరు, నేను చెప్ప. అడిగినప్పుడు నా మొకం మీదికెల్లి అబద్ధమాడిన. పండుగ రేపు. బతుకమ్మ ముంగట నిలవడాలంటె నాకే సిగ్గయితుంది. మీకెట్ల అయితుందో నాకెర్క లేదు."

పందొమ్మిదేళ్లలో నాతో ఇన్ని మాటలు ఒక్కసారి అనలేదు. గదమాయించడానికి నోరు తెరిచాను. అది అప్పటికే చీర చంకలో పెట్టుకుని గేటు దాటింది.

అక్టోబర్ 4, శనివారం

విచారణ 16న. ఐదుగురు కూర్చుంటారు. కాజీపేటలో రైల్వేలో ఉన్న నా కొడుకు, మనూ నాన్న, హృషికేశ్ ఫోన్ చేసి, "అమ్మా, అదేమైనా తప్పు చేసిందా? నీకు తెలియకుండా ఉండదు" అన్నాడు. చేయలేదన్నాను. "నువ్వంటే చాలు" అని పెట్టేశాడు.

అక్టోబర్ 7, మంగళవారం

షేర్ ఆటోలో ఉప్పల్, అక్కడి నుంచి ఇంకొకదాంట్లో రామంతాపూర్. రామ్మోహనరావు గారి ఇల్లు చెరువు వైపు సందులో. ముప్పై నాలుగేళ్లుగా ఆయన ముఖం చూడలేదు.

1991లో ఆయన నా కింద పనిచేసేవారు. బ్యాలెన్స్ గది తేమ పుస్తకంలో మూడు రోజులు చూడకుండా రాశారు. మూడు రోజులూ 52. నేను పట్టుకున్నాను, రిపోర్టు రాశాను. ఆయన్ని వేరే ఊరికి బదిలీ చేశారు.

గేటు తీసి చాలాసేపు చూశారు.

"రండి మేడమ్. తనిఖీకి వచ్చిన్రా? తేమ పుస్తకం ఇంట్ల లేదు మరి."

లోపల కూర్చోబెట్టి, భార్యతో "ఈమెనే. నీకు చెప్పేటోణ్ణి గదా" అన్నారు. ఆవిడ నన్నొకసారి చూసి టీ పెట్టడానికి వెళ్లింది. నేను అంతా చెప్పాను. పన్నెండు రోజులు, బూజు, సున్నం, మనూ. నా నోటితో ఒక మనిషికి చెప్పడం అదే మొదలు.

ఆయన నవ్వారు. చెడ్డ నవ్వు కాదు.

"నేను మూడు దినాలు ఒక్కటే అంకె ఏసిన. గది సంగతి తెల్వనోడే గట్ల ఏస్తడు. మీరు వానకు పెంచిన్రు, ఎండకు తగ్గించిన్రు. పనిల ఎప్పుడైన మీరు నాకన్న పైనే మేడమ్."

"క్షమాపణ అడగడానికి వచ్చాను."

"ఎందుకు? మీరు రాసిన రిపోర్టుల ఒక్క ముక్క తప్పు లేదు. నేను తప్పు రాసిన, మీరు రైటు రాసిన్రు." టీ ఊదుకుంటూ అన్నారు. "ఆ మూడు దినాలు మా బాబును దవాఖానల ఏసిన. ఫిట్స్. మీరడగలే, నేను చెప్పలే. సరే, అది నా సంగతి. మీకేమైంది?"

"మోకాలు వాచింది. మెట్లు ఎక్కలేకపోయాను."

"మోకాలు మెట్లకు అడ్డమొచ్చింది. ఒప్పుకుంట. ఎక్కలే అని రాయనీకె పెన్నుకేమడ్డమొచ్చింది?"

టీ కప్పు కింద పెట్టి లేచాను. ఆయన మళ్లీ అడగలేదు. గేటు దాకా వచ్చి ఆటో ఆపి, డ్రైవరుతో "జర మెల్లగ పోనియ్యన్న, మోకాలు బాగలేదు" అన్నారు.

అక్టోబర్ 10, శుక్రవారం

చెప్పలేదు.

అక్టోబర్ 13, సోమవారం

చెప్పలేదు. మనూ తన అంకెలన్నీ అచ్చు తీసి, పంచ్ చేసి, ఫైలు కడుతోంది. మొదటి పేజీ నా పట్టీ. దానికి మాత్రం ప్లాస్టిక్ కవరు తొడిగింది.

అక్టోబర్ 15, బుధవారం

ఉదయం 7.05. మనూ ఉప్మా తింటోంది. ఇక రేపే. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"మనూ, ఆ కవరులో ఉన్న కాగితం రేపు చూపించకు."

"ఏం?"

"జూలై 9 నుంచి 20 వరకు నేను చూడకుండా రాశాను. 21న బూజు పట్టి ఉంటే సున్నపు తేటలో నానబెట్టి కడిగాం. నేనూ మల్లవ్వా. మొగిలయ్య ఏమీ కలపలేదు."

చెంచా ప్లేటులో పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. దాని కళ్లు నా మీద లేవు. ఎక్కడో లెక్క వేస్తోంది.

"ఎన్ని గంటలు?"

"రాత్రంతా. సుమారు పదకొండు."

"సున్నం ఎంత?"

"తెలియదు. మల్లవ్వ పిడికిళ్లతో వేసింది. నాలుగో, ఐదో."

"నీళ్లు?"

"పెద్ద టబ్బు. నిండా కాదు."

"కాల్షియం" అంది తనలో తను. "కాల్షియం, దేవుడా, కాల్షియం." లేచి రెండడుగులు వేసి ఆగింది. అప్పుడు నా వైపు చూసింది.

"ఆ పన్నెండు రోజుల తేమ అంకెలు ఎక్కడివి?"

"నా తలలోంచి."

"అరవై ఆరు కూడానా?"

"ఆ రోజు వాన పడింది."

"నేను ఆ కాలమ్ గ్రాఫ్ గీశాను నాన్నమ్మా. సెమినార్లో చూపించాను. ఇంత నిలకడగా ఎవరూ ఉంచలేరని చప్పట్లు కొట్టారు."

నా చేతులు టేబుల్ మీద ఉన్నాయి. తీయలేదు.

"మొగిలయ్యను ఎన్ని మాటలన్నాను. నువ్వు స్టవ్ దగ్గర నిలబడి విన్నావు."

"విన్నాను."

ఫోన్ తీసుకుని బయటి వరండాలోకి వెళ్లింది. ల్యాబుకు చేస్తుందనుకున్నాను. మొదట మొగిలయ్యకు చేసింది. "అన్నా, తప్పు నాది" అనడం వినపడింది. తర్వాత కమలకుమారి గారికి. లోపలికి వచ్చి, "రేపు నువ్వు కూడా రావాలి" అని చెప్పి స్నానానికి వెళ్లింది. ఉప్మా అలాగే ఉంది.

అక్టోబర్ 16, గురువారం

పొడవైన బల్ల. ఐదుగురు. కమలకుమారి గారు నా చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్లారు. చెప్పవలసింది నిలబడే చెప్పాను. ఆరు నిమిషాలు పట్టింది.

మధ్యలో కూర్చున్న పెద్దమనిషి కళ్లజోడు తీసి అడిగారు. "అమ్మా, మీరు మనవరాలిని కాపాడుకోవడానికి ఇప్పుడు ఈ కథ చెప్పడం లేదని మేమెట్లా నమ్మాలి?"

నమ్మనవసరం లేదన్నాను. నేను చూడకుండా రాసే మనిషినని ఇప్పుడే ఒప్పుకున్నాను కదా, నా మాట కూడా పరీక్షించండి అన్నాను.

మొదటి బస్తా ల్యాబుకు చేరిన రోజునే అందులోంచి రెండు వందల గ్రాముల గింజలు మనూ సీసాలో దాచి ఉంచింది. అందులో కాల్షియం ఎంతో, మిగతా బస్తాల్లో ఎంతో చూసి చెప్పడానికి వారం. సున్నంతో మళ్లీ చేసి సెల్స్ నడిపి చూపించడానికి ఎనిమిది వారాలు. అంతవరకు ఏదీ తేల్చరు.

తిరిగి వస్తూ ఆటోలో మనూ నా పక్కన కాకుండా ఎదుటి సీటులో కూర్చుంది.

అక్టోబర్ 23, గురువారం

సీసాలోని గింజల్లో కాల్షియం మిగతావాటికి పదకొండు రెట్లు. మనూ చెప్పలేదు. కమలకుమారి గారు ఫోన్ చేసి చెప్పారు.

అక్టోబర్ 25, శనివారం

మనూ ల్యాబు నుంచి చిన్న త్రాసు తెచ్చింది. వంటింటి గట్టు మీద పెట్టి, మట్టం చూసి, మల్లవ్వను పిలిచింది.

"మల్లవ్వా, ఆ రోజు ఎట్లా వేశావో అట్లాగే సున్నం తీసి ఇందులో వేయి."

"గా రోజు పట్టినంత ఇయ్యాల వడ్తదా బిడ్డా?"

"పది సార్లు వేయి. సగటు తీస్తాను."

మల్లవ్వ వేసింది. మనూ రాసుకుంది. నాలుగోసారికి మల్లవ్వ ఆగింది.

"గా రోజు జర ఎక్కువ వడ్డదేమో. కోపంల ఉన్న."

"ఎందుకు కోపం?"

"ఈ అమ్మ తిట్టింది. కిటికి నేనే ఇర్గగొట్టిన అన్నది. నేనేడ ఇర్గగొట్టిన?"

మనూ నా వైపు చూసింది. నిజమే. తిట్టాను. అది నేను ఎక్కడా రాసుకోలేదు, మరిచిపోయాను కూడా.

"అయితే మిగతా ఆరూ కోపంతో వేయి" అంది మనూ.

"ఇప్పుడు కోపమెక్కడికెల్లి తేవాలె?"

"నాన్నమ్మను చూస్తూ వేయి. వస్తుంది."

మల్లవ్వ నన్ను చూసి, పెదవి బిగించి, గుప్పిట నిండా తీసి త్రాసు మీద కొట్టింది. సున్నం చింది మనూ ముక్కు మీద పడింది. మనూ నవ్వింది. ఎన్నాళ్లకో. మల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కూడా నవ్వబోయి, ఆ సందడిలో అలవాటు కొద్దీ ఐదో తూకం రాయడానికి పెన్ను అందుకున్నాను.

"నువ్వు రాయకు" అంది మనూ. గొంతు పెంచలేదు. పెన్ను నా చేతిలోంచి తీసుకుంది.

మిగతా ఐదూ అయ్యేదాకా నేను గుమ్మంలో నిలబడ్డాను.

నవంబర్ 6, గురువారం

సున్నపు తేటలో నానబెట్టిన గింజలతో చేసిన ఆరు సెల్స్ నడుపుతున్నారు. రోజుకు ఆరు సైకిళ్లు.

నవంబర్ 16, ఆదివారం

అరవై దాటే రోజు. అడగలేదు. మల్లవ్వ అడిగింది. "ఆరూ ఉన్నయా బిడ్డా?" ఉన్నాయి.

నవంబర్ 22, శనివారం

రెండు పోయాయి. తొంభై దగ్గర. మనూ ముఖం చూసి నేను తెలుసుకున్నాను.

నవంబర్ 30, ఆదివారం

నాలుగు ఉన్నాయి.

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎన్నాళ్లుగా నొప్పి అని అడిగితే ఏడాదిన్నర అని చెప్పాను. ఇంట్లో వాళ్లకు తెలుసా అన్నాడు.

డిసెంబర్ 11, గురువారం

ఉదయం 6.30. 14 డిగ్రీలు.

రెండు వందల పది సైకిళ్లు. నాలుగు సెల్స్ నూటికి తొంభై పైన ఉన్నాయి. రెండు పోయాయి. నిన్న ఐదుగురూ మళ్లీ కూర్చుని, అమ్మాయి అంకెలు కల్పించలేదని రాసి ఇచ్చారు. రిజిస్ట్రేషన్ ఉంటుంది. థీసిస్ ఏడాది వెనక్కి. అచ్చయిన పేపరుకు దిద్దుబాటు ప్రకటన వేయాలి. పోయిన రెండు సెల్స్ గురించి కూడా అందులో రాస్తానని మనూ పట్టుబట్టిందట. సున్నం పని రాసిన చోట మల్లవ్వ పేరు ఉంటుంది.

నిన్న సాయంత్రం మనూ దిద్దుబాటు కాగితం నా ముందు పెట్టింది. మూడు గడులు. ఏది తప్పు, ఎవరు చేశారు, కారణం.

"మూడోది కమల మేడమ్ రాసి ఇచ్చారు. వయసు మీద పడినందువల్ల అనారోగ్యం అని. నీకు ఇష్టమైతే అదే ఉంచుతాను. లేకపోతే నువ్వే చెప్పు, నేను ఇంగ్లీషు చేస్తాను."

పెన్ను ఇచ్చింది. అక్టోబర్ తర్వాత అది నా చేతికి పెన్ను ఇవ్వడం ఇదే మొదలు.

మొదటి రెండు గడులు తేలికే. పన్నెండు నమోదులు, చూడకుండా రాసినవి. రాసింది తారామణి. మూడో గడిలో మోకాలు అని రాశాను. రామ్మోహనరావు గారు గుర్తొచ్చారు. ఒక్క గీతతో కొట్టివేసి పక్కన సంతకం చేశాను. మనూ తొందరపెట్టలేదు.

తర్వాత ఇలా రాశాను: రిటైరైన పదమూడేళ్లకు నాకు మళ్లీ ఒక పట్టీ అప్పగించారు. మెట్లు ఎక్కలేనని చెబితే అది నా చేతిలోంచి పోతుందనుకున్నాను. అందుకని చెప్పలేదు.

మనూ నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది. కాగితం ఒళ్లో పెట్టుకుంది.

"అప్పుడే చెప్పుంటే" అంది, "బస్తా కిందికి తెచ్చి నీ గదిలో పెట్టేదాన్ని కదా నాన్నమ్మా."

పదిహేడు నెలల్లో ఆ మాట నాకు ఒక్కరోజు కూడా తట్టలేదు.